వెర్లీన్ వడ్డించని మనిషి

నా రాతలో తప్పులుంటాయి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చెయ్యి నెమ్మది. ఓపిక పట్టి చదవండి.

మా చర్చి నేలమాళిగలో ఆ రోజు కౌంటీ వాళ్ల సభ. కౌంటీ అంటే ఇక్కడి జిల్లా.

చట్టం అన్యాయమనిపిస్తే, నేరం రుజువైనా మనిషిని వదిలేయగల వీలు జ్యూరీకి, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన పన్నెండు మంది మామూలు జనానికి, ఉంది. జడ్జి ఆ మాట చెప్పరు. మా న్యాయ సహాయ కేంద్రం ఊరూరా చెబుతుంది. ఆ పనికి ఇకమీదట ప్రభుత్వ డబ్బు ఇవ్వకూడదని ప్రతిపాదన.

ఇవ్వాలంది మా చర్చికి వచ్చే వెర్లీన్. ఆమె భర్త క్యాన్సర్ నొప్పితో అరుస్తుంటే, కొడుకు లమార్ పెరట్లో గంజాయి పెంచి నూనె తీసి ఇచ్చాడు. పోలీసులు పట్టుకున్నారు. జ్యూరీలో పదకొండు మంది జైలే అన్నారు. ఒక్కరు ఒప్పుకోలేదు. అందరూ ఒక్క మాట మీద ఉంటేనే శిక్ష, అందుకని కేసు అక్కడితో ఆగింది.

సాక్షి కాబట్టి వెర్లీన్‌ను కోర్టు హాలు బయటే కూర్చోబెట్టారు. లోపలికి పిలిచినప్పుడు ఆమె తల ఎత్తి ఎవరినీ చూడలేదు.

ఆ ఒక్కరికి ఈ కేంద్రమే ఆ సంగతి నేర్పి ఉంటుందని సభలో చెప్పింది.

తర్వాత కర్ర పట్టుకుని ఓ ముసలాయన లేచాడు. కౌంటీ ఆ చివరి నుంచి వచ్చాడట. డబ్బు ఇవ్వొద్దన్నాడు.

"నల్లవాడని మా అన్నను పట్టపగలు చంపారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. సాక్ష్యమంతా విని, చంపినవాళ్లను నవ్వుతూ ఇంటికి పంపారు. వాళ్లు చేసిందీ ఇదే. దీనికి నా పన్ను డబ్బు వద్దు."

వెర్లీన్ ఊరుకోలేదు.

"మీ అన్న కోసం నా కొడుకు జైల్లో మగ్గాలా, పెద్దాయనా?"

"వద్దమ్మా. మనసున్నవాడికి ఒకరు చెప్పాలా?"

"ఆ మనసు మీకుంటే కదా."

ఆయన కర్ర ఆనించుకుని కూర్చున్నాడు.

ప్రతిపాదన నెగ్గింది, డబ్బు ఆగింది. సభ అయ్యాక మా ఆడవాళ్లం వేయించిన కోడి, ఆకుకూర వడ్డించాం. ఆయన వంతు రాగానే వెర్లీన్ గిన్నె మీద మూత పెట్టేసి, అయిపోయిందంది. సగం గిన్నె అలాగే ఉంది. పక్కనున్న నాకే సిగ్గేసింది.

"పర్లేదమ్మా," అన్నాడాయన. "అబ్బాయి బాగున్నాడా?"

"మీకెందుకు?"

తల ఊపి, మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అమ్మను తీసుకెళ్లడానికి వచ్చిన లమార్‌కు ఆయన మెట్ల మీద ఎదురయ్యాడు. వాడు కిందికొచ్చి గిన్నెలు సర్దుతూ, ఉన్నట్టుండి ఆగి, గిరుక్కున మెట్లెక్కి ఆయన కోసం పరుగెత్తాడు. అప్పటికే ఆయన ఎక్కిన ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

"ఎవర్రా ఆయన?" అంది వెర్లీన్, వాడు తిరిగి రాగానే.

"జడ్జి అడిగినప్పుడు, 'ఒప్పుకోనిది నేనే' అని లేచి నిలబడింది ఆయనే, అమ్మా."

— ఎర్నెస్టీన్ పూల్, డెబ్భై ఆరేళ్లు. ఇప్పుడు జార్జియాలోని మేకన్‌లో, కూతురి దగ్గర ఉంటున్నాను.