మూడంగుళాలు

"ఏందమ్మా, పెండ్లి దగ్గర పడేసరికి కురచైనవా?" అని నవ్వుకుంటూ ఫోన్ చేశాడు యాకన్న మేస్త్రి. మాఘంలో నన్ను చేసుకోబోయే వీరేందర్, జనగామలోని తన ఇంట్లో వంటగది పాతది తీయించి కొత్తది కట్టించే పని ఆయనకే ఇచ్చాడు.

నాకేమీ అర్థం కాలేదు.

"వంటగట్టు మూడంగుళాలు దించాల్నట. పోయిన నెల నిన్ను నిలబెట్టి, నీ మోచేతికి బెత్తెడు కిందికే గదా పెట్టిన! గ్రానైట్ గూడ పరిసిన. ఇప్పుడు పలగ్గొట్టాలె. సారుకు నువ్వన్న జర చెప్పు."

సారు పది రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు. ఇంటి పనుల్లో తీరిక లేదనుకున్నాను.

"పొరపాటై ఉంటదన్నా. పలగ్గొట్టకు."

"పొరపాటేంది తల్లీ? పొద్దుగాల సారే ఆ పిల్లను తోలుకొచ్చి, గీమె కొలత తీస్కో అన్నడు. నీ చెవుల కాడికుంటది. మీ చెల్లెనా? పెండ్లయినంక నీ దగ్గర్నే ఉంటదా?"

"నాకు చెల్లెళ్లు లేరన్నా."

యాకన్న గొంతు తగ్గింది. "అమ్మా... నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదన్నా. గట్టు పలగ్గొట్టు. అంత ఎత్తుంటే ఆమెకు భుజాలు నొస్తయి."

ఫోన్ పెట్టేయాలనుకున్నాను. పెట్టలేకపోయాను.

"పై అరలు గూడ జర దించు," అన్నాను. "నాకైతే అందేటివి."