గుర్రాలు అన్నకు, రౌతులు తమ్ముడికి

రంగు వెయ్యడానికి సీసా మూత మీద నిలబెట్టిన బొటనవేలంత బొమ్మ రౌతు మళ్ళీ పక్కకు ఒరిగాడు. తమ్ముడు విసురుగా లేచి, కిటికీ దాకా వెళ్ళి, తిరిగొచ్చి కుంచె అందుకున్నాడు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. నీ రౌతుకి అసలు గుర్రమే లేదు కదయ్యా!" అంది వదిన, లోపలికొస్తూ.

"పంచింది అన్నయ్యే కదా వదినా!"

బల్ల మీద యుద్ధం ఆట కోసం అన్నదమ్ములు కలిసి కొన్న పాతకాలపు సేన అది. జెండాకు ఎరుపా, నీలమా అన్న దగ్గర మాటామాటా పెరిగి, గుర్రాలు ఒకరు, రౌతులు ఒకరు పట్టుకుపోయారు.

"తలలు నెరిశాయి, ఇంకా బొమ్మల దగ్గర తగువులే." వదిన సంచిలోంచి ఓ గుర్రం తీసింది. "ఆయనకు చెప్పకుండా తెచ్చాను. ఆయనకూ కాలు నిలవడం లేదు. గిట్టల దాకా దిద్దారు గానీ, చూడు, జీను మర్చిపోయారు."

తమ్ముడు గుర్రాన్ని వెలుతురుకు తిప్పాడు. కళ్ళేనికి సూదిమొనంత చుక్కలు పెట్టిన అన్నయ్య, జీను నడుమ మాత్రం ఉత్త ప్లాస్టిక్కు వదిలేశాడు.

"మర్చిపోలేదు వదినా. రంగు మీద జిగురు పట్టదు. రౌతు కూర్చునే చోట రంగు వెయ్యం."

"మరి నీ రౌతులకి?"

అతను ఒరిగిన రౌతును చేతిలోకి తీసుకున్నాడు. ఇక గుర్రమెక్కేదేముందని, పంతంకొద్దీ ప్రతి రౌతు తొడల లోపలా అప్పటికే దట్టంగా రంగేసేశాడు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, కుదురుగా కూర్చుని, చిన్న చాకుతో ఆ రంగు గీకడం మొదలుపెట్టాడు.