గేటు దగ్గర ఇంజన్

గుండుగొలను రైలుగేటు పడగానే డ్రైవర్ నెహెమ్యా అంబాసిడర్ ఇంజన్ ఆపేసి తాళం తీశాడు.

పక్కసీట్లో ఉన్న యజమాని గంగరాజు చటుక్కున వెనక్కి తిరిగాడు. ఇంజన్ మోత అణగగానే వెనక డిక్కీలోంచి దబదబా తన్నుతున్న చప్పుడు పైకొచ్చింది. తన చేపల చెరువుల మీద ఫిర్యాదు చేసిన మనిషిని చావగొట్టి, కాళ్లూ చేతులూ కట్టి అందులో పడేసింది గంగరాజే.

"ఆపొద్దని చెప్పానా లేదా?"

గంగరాజు నెహెమ్యా జుట్టు పట్టుకుని తలను స్టీరింగుకేసి బాదాడు. హారన్ మోగింది. వెనక బస్సులోని జనం తలలు బయటపెట్టారు.

"వినపడలేదండి." నెహెమ్యా ముక్కులోంచి కారే నెత్తురు తుడుచుకున్నాడు. "పోయిన నెల ఇదే గేటు దగ్గర, ఇంజన్ ఆపకుండా డీజిల్ తగలేస్తున్నానని కొట్టారు కదండీ. ఆ దెబ్బకి ఎడమ చెవి పోయిందండి. అప్పట్నుంచీ గేటు పడితే ఆపేస్తున్నానండి."

మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు మునిగిపోతుంది. తాళం కోసం గంగరాజు అతని వేళ్లు వెనక్కి విరిచాడు. ఒక వేలు పుటుక్కుమంది. పిడికిలి మాత్రం విడలేదు.

బస్సు దిగిన జనం డిక్కీ చుట్టూ మూగారు. ఎవరో గునపంతో మూత పెకలిస్తున్నారు.

గంగరాజు చెయ్యి వదిలేశాడు. నెహెమ్యా ఎడమ చెవి దగ్గరకు వంగి, ఊపిరంత మెల్లగా అన్నాడు.

"నేనే చేశానని ఒప్పుకోరా. రెండెకరాల చెరువు నీ పేర రాసేస్తాను."

"వద్దండి," అన్నాడు నెహెమ్యా.