రెడ్డెమ్మ పిడికిలి

ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో తన తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

మందులు తీసుకుని వస్తున్న భారతికి ఒళ్లు మండింది.

మదనపల్లెలోని ఆ ఆస్పత్రి వరండాలో రెడ్డెమ్మ బెంచీ మీద గోడకు ఆనుకుని నిద్రపోతోంది. బస్సు ప్రమాదం జరిగినప్పటి నుంచీ తెరుచుకోని ఆమె కుడి పిడికిలి, ఆ మనిషి రెండు అరచేతుల మధ్య ఉంది.

"ఎవరమ్మా నువ్వు? యాల పట్టుకున్నావు?"

"నిద్రపోతాండాది. లేపొద్దు తల్లీ."

పేరు ఖాతూన్. కుప్పం నుంచి వచ్చానంది. కొన్నాళ్లు ఆ చెయ్యి తనను పట్టుకోనిస్తే చాలంది.

మామూలుగా అయితే భారతి తరిమేసేదే. కానీ అమ్మ అంత నెమ్మదిగా నిద్రపోవడం చూసి ఎన్నాళ్లయిందో.

పుంగనూరు దాటాక బస్సు బోల్తా పడింది. రెడ్డెమ్మకు పైకి తగిలినవి చిన్న దెబ్బలే. ఆ రోజు సంగతి మాత్రం ఏదీ గుర్తులేదు. ఎవరైనా బస్సు మాట ఎత్తితే చాలు, కళ్లు తేలేసేది.

ఎముక బాగుంది, నరం బాగుంది అన్నారు డాక్టర్లు. ఒకాయనైతే, తెరవాలని మీ అమ్మకే లేదని నవ్వాడు.

రెడ్డెమ్మ పనిచేసే పట్టుదారం షెడ్డు యజమాని గురప్ప ఆ మాట పట్టుకున్నాడు. వేడినీళ్లలో తేలే గూళ్ల నుంచి దారం కొస అందుకోవాలంటే వేళ్లు కావాలి. డాక్టరే బాగుందన్నాక ఇంకా ఈ నాటకమెందుకని నలుగురిలో అన్నాడు. ఇంకో మనిషిని చూసుకుంటానన్నాడు.

భారతిని డిగ్రీ దాకా చదివించిన చెయ్యి అది. దాన్ని నాటకమంటారా?

ఆ కోపంలోనే ఖాతూన్‌ను ఇంటికి రమ్మంది భారతి. ఒక్కటే షరతు పెట్టింది. ఇంట్లో బస్సు మాట ఎత్తకూడదు.



"నోటితో చెప్పనులే తల్లీ" అంది ఖాతూన్.

ఆదివారాలు వచ్చేది. నూనె లేదు, పిసకడం లేదు, తాయెత్తు లేదు. పిడికిలిని చేతుల్లో పెట్టుకుని, రెడ్డెమ్మ ఊపిరితో పాటు తానూ ఊపిరి తీసేది. వేళ్లు విప్పాలని ఒక్కసారి కూడా లాగలేదు.

ఇదేం వైద్యమని భారతి నిలదీసింది.

"నోటికి గుర్తులేనిది చేతికి గుర్తుంటాదమ్మా. మనం చెప్తే తలకాయి నమ్ముతాది. చెయ్యి నమ్మదు. దానికి దానంతటే తెలియాల."

చిటికెనవేలు కదిలింది. ఉంగరపు వేలు సడలింది. భారతి ఆ సంగతి గురప్ప షెడ్డు దాకా వెళ్లి చెప్పి వచ్చింది.

ఆ తరువాత ఒక ఆదివారం రెడ్డెమ్మ కళ్లు మూసుకునే వణికిపోయింది. ఒళ్లంతా చెమటలు. "ఇడవాకు, చెయ్యి ఇడవాకు" అంటూ గొంతు చించుకుని ఏడ్చింది.

భారతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఖాతూన్ చెయ్యి వదల్లేదు. ఆమె కళ్లల్లోనూ నీళ్లు.

"ఏడవనీ తల్లీ. ఇప్పుడు ఆపితే మళ్లా మూసుకుంటాది."

భారతి ఇద్దరి చేతులూ లాగి విడదీసింది. ఫోనులో వీడియో ఆన్ చేసి ఖాతూన్ మొహం ముందు పెట్టింది.

"ఏం చదివినావు నువ్వు?"

"ఏమీ చదవలేదమ్మా."

"ఎంతమందికి నయం చేసినావు?"

"ఒకరికీ లేదు."

"మరి మా అమ్మ మీద నేర్చుకుంటాండావా?"

ఖాతూన్ రెడ్డెమ్మ వైపు చూసింది. బయటికి రమ్మనీ, ఒక్క మాట చెప్పాలనీ భారతిని బతిమాలింది.

"మాటలొద్దు. పో."

ఇలాంటి వాళ్లను ఊరికే వదలకూడదనుకుంది భారతి. తాను చదువుకున్నది అందుకే కదా అనుకుంది. 'దొంగవైద్యం, జాగ్రత్త' అని రాసి వీడియో గ్రూపుల్లో పెట్టింది. సాయంత్రానికే అది కుప్పం చేరింది.

పిడికిలి మళ్లీ బిగుసుకుంది. ఈసారి గోళ్లు అరచేతిలో దిగి రక్తం వచ్చింది. రెడ్డెమ్మ ఎడమ చేత్తో కూడా అన్నం ముట్టలేదు. తలుపు వైపే చూస్తూ, ఆయమ్మ రాలేదా అని అడిగేది.

కోపం దిగమింగుకుని భారతి కుప్పం వెళ్లింది.

ఖాతూన్ ఇంటికి తాళం వేసి ఉంది. పక్క వాకిట్లో తులసమ్మ చింతపండు గింజలు తీస్తోంది. భారతి నోరు తెరవగానే, ఆ గొంతు వీడియోలో విన్నదేనని పోల్చుకుంది.

"ఆ సదువుకున్నదానివి నువ్వేనా?"

ఖాతూన్ ఎక్కడని అడిగింది భారతి.

వీధివాళ్లు గుంపుగా వచ్చి మంత్రగత్తె అని తిట్టారట. ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడట. ఎక్కడికి పోతున్నదీ ఖాతూన్ ఎవరికీ చెప్పలేదు. ఫోను కూడా పలకడం లేదు.

వైద్యం రాకుండానే మా అమ్మను ముట్టుకుంది కదా అని భారతి గొణిగింది.

"వైద్యం దానికి యాడొస్తాదమ్మా? గాజులు తొడిగే మనిషి అది" అంది తులసమ్మ, చేతిలో పని ఆపి. "పుంగనూరు కాడ బస్సు బోల్తా పడితే సీట్ల కింద ఇరుక్కున్నింది. ఆ చీకట్లో ఎవరో ఆడమనిషి దాని చెయ్యి పట్టుకోని, కండ్లు మూయద్దని చెప్తానే ఉన్నిందంట. మొహం సూడలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం గాజులు తొడిగేదానికి మరుపుకొస్తాదా? దెబ్బలు తిన్నోళ్లందరినీ ఎతికి, మదనపల్లె ఆస్పత్రిలో ఆ చెయ్యి పోల్చుకున్నింది."

భారతి ఖాతూన్ ఇంటి తాళం వైపు చూసింది.

"బయటికి లాగినోళ్లు ఖాతూన్ సచ్చిపోయిందనుకోని ఆ చేతులు బలవంతాన విడదీసినారంట. తాను బతికే ఉండానని ఆ చేతికి తెలియజెయ్యాలనే, పిచ్చిది, మీ ఇంటికి వస్తాండె."