నాలుగో తరం

"ఇంకా ఎంతసేపు బాబూ? నేను తాళం వేసుకోవాలి," అన్నాడు రిజిస్టర్ల తాత గుమ్మంలోంచి.

"ఈ ఒక్కటీ చూసేస్తాను తాతా," అన్నాడు పెళ్ళికొడుకు తలెత్తకుండా.

వీధంతా అప్పుడే అతన్ని పెళ్ళికొడుకూ అని పిలుస్తోంది కాబట్టి మనమూ అలాగే అందాం. చర్చి వెనక, కిటికీ కూడా తెరుచుకోని ఆ ఇరుకు గదిలో మూడు రోజులుగా బాప్తిస్మాలవీ, పెళ్ళిళ్ళవీ, సమాధులవీ పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాడు. ఆ చర్చిలో ఒక నియమం ఉంది. వధూవరులకు నాలుగు తరాల లోపు రక్తసంబంధం ఉంటే పెళ్ళి చెయ్యరు. లేదని అబ్బాయి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందరూ చూడకుండానే పెట్టేస్తారు. ఇతను మాత్రం చూసి పెడతానన్నాడు.

"మావాడికి అన్నీ పద్ధతిగా ఉండాలి," అని వాళ్ళమ్మ కనిపించినవాళ్ళకల్లా చెప్పి మురిసిపోయింది.

పద్ధతీ లేదు, పాడూ లేదు. పెళ్ళికొడుక్కి ఈ పెళ్ళి ఇష్టం లేదు. ఏదో ఒక చుట్టరికం బయటపడి పెళ్ళి ఆగిపోతే బాగుండునని వెతుకుతున్నాడు.

ఇష్టం లేదని నాన్నతో ఒకసారి అనబోయాడు. "కారణం చెప్పు," అన్నాడు నాన్న. ఏం చెప్తాడు? అమ్మాయికి వంక పెట్టడానికి లేదు. చూసింది రెండుసార్లు. రెండుసార్లూ ఆమె తల వంచుకుని కాఫీ కప్పు వైపే చూసింది. ఇతనికి మాత్రం తలుపుకి బయటినుంచి గడియ పడ్డట్టయింది. అది నాన్న ఒప్పుకునే కారణం కాదు. ఆయన సంఘపెద్ద. రిజిస్టర్లో ఉన్నదే ఆయనకు నిజం. పెళ్ళి ప్రకటన చర్చిలో అప్పుడే రెండు ఆదివారాలు చదివేశారు. రేపు మూడోది, ఆఖరిది. ఆ తర్వాత ఇక నోరెత్తడానికి ఉండదు.

ఇది చాలదన్నట్టు, ఆ అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తోంది.

"ఏమైనా దొరికిందా అండీ?"

"ఇంకా ఏం లేదండీ."

అవతల ఒక నిట్టూర్పు. పాపం, గండం గడిచిందనుకుంటోంది కాబోలు అనుకునేవాడు. ఆ పూటకి అన్నం సయించేది కాదు.

రిజిస్టర్లో ప్రతి పేరు పక్కనా సన్నగా పెన్సిల్ టిక్కులున్నాయి. తాతకి ఎంత ఓపికో అనుకుంటూ వేలు కిందికి జరిపాడు. వేలు ఆగిపోయింది.

తన ముత్తాతకి ఒక చెల్లెలు. అమ్మాయి ముత్తవ్వ పేరే ఆమెదీ. పుట్టిన ఏడు కూడా సరిపోయింది. ఆ ముత్తవ్వ పుట్టింటివాళ్ళెవరో ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. ఈమే ఆమె అయితే, నాలుగో తరంలో రెండు కుటుంబాలూ ఒకటే.

"తాతా, ఈవిడ పెళ్ళి ఏ రిజిస్టర్లో ఉంటుంది?"

తాత కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఆ పిల్లా? పెళ్ళిదాకా ఎక్కడ బతికింది బాబూ. రా, చూపిస్తాను."

సమాధుల తోటలో మూడో వరస చివర మూరెడు రాయి. పుట్టిన తేదీకీ పోయిన తేదీకీ మధ్య మూడేళ్ళు. చుట్టూ రాళ్ళన్నీ నాచు పట్టి ఉన్నాయి. ఇదొక్కటే అక్షరం అక్షరం గీకి శుభ్రం చేసి ఉంది. పెళ్ళికొడుకు దాని పక్కనే చతికిలబడ్డాడు. ఇక దారి లేదు. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది.

"దొరికిందా అండీ?"

"లేదండీ. అన్నీ చూసేశాను. మీరిక నిశ్చింతగా ఉండండి."

ఆమె "సరేనండీ," అని పెట్టేసింది.

గదిలోకి తిరిగొచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఇందులో కూడా ఒకటి పెట్టు. రిజిస్టర్లు చూడ్డం అయినవాళ్ళు పెట్టి వెళ్ళాలి," అని తాత ఒక నోటుబుక్కు తెరిచాడు.

పై వరసలో మూడు వారాల కిందటి తేదీ. పక్కన ఆ అమ్మాయి పేరు, సంతకం.

"ఈమె ఎప్పుడొచ్చింది తాతా?"

"నీకంటే ముందే. ఐదు రోజులు ఇదే కుర్చీలో కూర్చుంది. ఆ టిక్కులన్నీ ఆమెవే. అక్కడ ఆ రాయి కూడా తలపిన్నుతో తనే గీక్కుంది."

పెళ్ళికొడుక్కి మరీ నీరసం వచ్చింది. ఈ పెళ్ళి మీద ఆమెకి అంత ఆశన్నమాట. "అడ్డేమీ లేదని తేలింది కదా, సంతోషంగా వెళ్ళుంటుంది," అన్నాడు.

తాత తాళంచెవి కోసం జేబు తడుముకుంటున్నవాడల్లా ఆగి, అతని వంక వింతగా చూశాడు.

"ఏమీ దొరకలేదని ఏడ్చింది బాబూ."