మిరపకుండీల తెగులు

అన్యాయం జరిగింది ఎవరికి? కోడలి తమ్ముడికి. ఎలా? చేయని తప్పు నెత్తిన పడింది.

మామగారి కాగితాల గోదాము కాలిపోయిన రోజున తలుపు పక్కన ఒక సిగరెట్టు పీక దొరికింది. గోదాము తాళాలు ఇద్దరి దగ్గరే ఉండేవి. ఒకడు ఆయన కొడుకు, రెండోవాడు కోడలి తమ్ముడు. కొడుకు తాను సిగరెట్టే ముట్టనని తండ్రి తలమీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. తమ్ముడికి ఆ అవకాశమైనా దక్కలేదు. మెడపట్టి బయటికి గెంటారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. కన్నతల్లి కూడా అతడి మాట నమ్మకుండానే కన్నుమూసింది.

భర్తను నిలదీసినప్పుడల్లా కోడలికి దొరికిన జవాబు ఒక్కటే.

"నేను సిగరెట్టు జోలికే పోను. నీ తమ్ముణ్ణి వెనకేసుకు రాకు."

మేడ దిగి వచ్చేటప్పుడు అతడి నోట్లో ఎప్పుడూ ఏలకులుండేవి. ఆమె చూసేది, ఊరుకునేది. ఆ ఇంట్లో ఆమె మాటకు సాక్షి ఎవరు?

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఇంట్లో రగడంతా మిరపమొక్కల గురించి.

వ్యాపారం మానుకున్నాక మామగారికి మేడమీది కుండీలే లోకమయ్యాయి. సగం కుండీల్లో పచ్చిమిరప, మిగతావాటిలో క్యాప్సికం. నీళ్లు పోయడం ఆయన వంతు. కొనలు గిల్లడం, కర్రలకు కట్టడం కొడుకు వంతు. ఈసారి ఒక్క మొక్కా ఎదగలేదు. జానెడు లేచి నిలిచిపోయాయి. చిగురాకులు ముడుచుకుని, పసుపు మచ్చలతో వికారంగా ఉన్నాయి.

"బలం చాల్లేదమ్మాయ్. ఇంకో గుప్పెడు ఎరువు తగిలించు," అన్నారు మామగారు.

"వద్దు మామయ్యగారూ. ఎరువు ఎక్కువైతే ఆకులే గానీ కాయలుండవు. ముందు వేళ్లు చూద్దాం."

ఆమె ఒక కుండీని బోర్లించి మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి. చోటు చాలక చుట్టలు చుట్టుకోలేదు, కుళ్లలేదు. అడుగు చిల్లులో పుల్ల పెట్టి చూసింది, అడ్డేమీ లేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ తగులుతోంది. తెల్లకాగితం పట్టి ఆకులు దులిపింది. ఒక్క పురుగూ రాలలేదు.

"కుండీది కాదు, మట్టిది కాదు, నీళ్లది కాదు, పురుగుది కాదు. మరి దిష్టి తగిలిందంటావా?" మామగారు విసుక్కున్నారు.

"నాకు తెలిసింది ఇంతే. వ్యవసాయ కళాశాలలో ఒకసారి చూపించండి మామయ్యగారూ. మీరే వెళ్లండి."

ఆయన నాలుగు ఆకులు తుంచి సంచిలో వేసుకుని వెళ్లారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ముఖం కందగడ్డలా చేసుకుని తిరిగి వచ్చారు.

"వైరస్ తెగులట. పొగాకు నుంచి అంటుతుందట. సిగరెట్టు కాల్చిన చేత్తో ముట్టుకున్నా చాలట. మా ఇంట్లో కాల్చేవాళ్లు లేరయ్యా, ఉన్న ఒక్కణ్ణీ ఎప్పుడో గెంటేశాను అన్నాను. ఆ ప్రొఫెసరు నవ్వాడు."

కొడుకు అన్నం కలుపుతున్న చేయి ఆగింది.

"వాళ్లు సవాలక్ష చెప్తారు నాన్నగారూ."

"మొక్కలు ముట్టుకునేది ముగ్గురం. నేను కాల్చను. అమ్మాయి కాలుస్తోందంటావా?"

కొడుకు చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు.

"ఏదీ, ఆ చెయ్యి ఇలా పట్రా."

"...రోజుకి ఒక్కటే నాన్నగారూ. అదీ మేడమీద."

"ఎప్పట్నుంచి?"

కొడుకు తల వంచుకున్నాడు. పెద్దాయన కంచం పక్కకు జరిపారు.

"గోదాము రోజుల్లోనూ ఉందా?"



"ఆర్పేశాననే అనుకున్నాను."

కోడలు పెరుగు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఫోను తియ్యి," అన్నారు మామగారు. "ముందు ఆ పిల్లాడికి చెప్పు. తరువాత వాళ్ల తరఫు చుట్టాలందరికీ, మన తరఫు వాళ్లందరికీ. ఒక్క గడప మిగలకూడదు. నా ముందే చెప్పు."

అవతలి నుంచి తమ్ముడు అంతా విన్నాడు. ఒకటే అడిగాడు.

"మా అమ్మకెవరు చెప్తారు బావా?"

కొడుకు గొంతు బొంగురుపోయేదాకా ఫోన్లు సాగాయి. అబద్ధం ఏ ఏ ఇళ్లకు చేరిందో, నిజం ఆ ఇళ్లన్నిటికీ అదే నోటితో చేరింది. పాత బాకీ పైసాతో సహా తీరింది.

పొద్దువాలాక కోడలు ఒంటరిగా మేడెక్కి, మొక్కలు నాటిన వారం నుంచి ఎవరూ లేవకముందే తన చేత్తో ఆకు ఆకుకూ రుద్దుతూ వచ్చిన పొగాకు నీళ్లలో మిగిలిన కాసినీ తూములో పారబోసింది.