అట్ట మీది అంకెలు

"ఆ అట్ట పీకెయ్," అన్నాడు నాగేంద్రప్రసాద్.

"పీకను సార్," అన్నాడు గంగాప్రసాద్.

మెస్‌లో పళ్లేలు పట్టుకుని అన్నం కోసం వరుసలో నిలబడ్డ వాళ్లంతా ఆ మాట విన్నారు. గల్ఫ్‌లో, ఘాలా అనే ఊళ్లోని ఆ లేబర్ క్యాంపుకి నాగేంద్రప్రసాద్ బాస్. ఆయనకి ఎదురు చెప్పడం అక్కడ ఎవరికీ అలవాటు లేని పని. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గోడకి వేలాడుతున్నది పాత అట్టముక్క. బాస్ ఆఫీసుకి కొత్త ఏసీ వచ్చిన పెట్టెనే చించి తయారుచేశారు దాన్ని. దాని మీద మూడు పేర్లు, మూడు వారాల అంకెలు. కార్మికుల కమిటీ ప్రెసిడెంట్ ఎన్నికకి ముందు ఒక్కో బ్లాకు తన అభ్యర్థిని తేల్చుకోవాలి. తెలుగువాళ్ల మూడో బ్లాకే అన్నిటికన్నా పెద్దది కాబట్టి ఇక్కడ నెగ్గినవాడే చివరికి ప్రెసిడెంట్. ప్రతి శుక్రవారం గంగాప్రసాద్ మంచం మంచానికీ తిరిగి అడిగొచ్చి అంకెలు రాస్తాడు. సెంట్రింగ్ పోచన్నకి మొదటి వారం ముప్పై అయిదు, తర్వాత నలభై ఎనిమిది, ఇప్పుడు అరవై. స్టోర్ రఘుపతి ఇరవై ఆరు నుంచి పద్దెనిమిదికి జారాడు. వెల్డర్ ఇర్షాద్ సంగతి మరీ అన్యాయం. పద్దెనిమిది, ఏడు, ఒకటి.

బాస్ ప్రాణమంతా రఘుపతి మీదే ఉంది. పోయిన ఎండాకాలం బ్లాకులో సగం ఏసీలు ఆగిపోయి మనుషులు తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటుంటే, ప్రెసిడెంట్ హోదాలో 'అన్నీ బాగున్నాయి' అని హెడ్డాఫీసు కాగితం మీద సంతకం పెట్టిన మహానుభావుడు అతనే. ఈ ఏడు వేరేవాడు వచ్చి ఉన్నదున్నట్టు రాశాడంటే ఊడేది బాస్ ఉద్యోగం.

"పోనీ పీకొద్దులే," అన్నాడు నాగేంద్రప్రసాద్ గొంతు తగ్గించి. "అంకెలు తిరగరాయి. రఘుపతికి అరవై వెయ్యి. నీకు సైట్ తప్పించి ఆఫీసులో డ్యూటీ వేయిస్తాను."

"అంకె మార్చ సార్. కావాలంటే నన్నే మార్చుండ్రి. ఎవరేం చెప్పిండ్రో గదే రాసిన."

"బ్లాకులో ఎనభై మంది ఉన్నారు. నీ లెక్క డెబ్భై తొమ్మిదే."

"రఘుపతన్నను అడగలే సార్. ఆయన ఏం చెప్తడో తెల్సిందే గద."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాస్‌కి ఒళ్లు మండింది. అయినా ఇంత మొండివాడి లెక్కలో దొంగతనం ఉండదని లోపల గట్టిగా నమ్మకం కుదిరింది. అనుమానం తీర్చుకోవడానికి పప్పు వేయించుకుంటున్న నలుగురిని అడిగి చూశాడు. నలుగురూ తల పైకెత్తకుండా "పోచన్ననే సార్" అన్నారు.

"మరి ఈ ఇర్షాద్‌కి వచ్చిన ఒక్కటీ ఎవరిదయ్యా?"

"ఆయనదే సార్. ఎంత చెప్పినా ఇనలే, నా పేరే రాయిమన్నడు."

అది విని బాస్ మనసారా నవ్వాడు. పోటీ అంతా పోచన్నతోనేనని తేలిపోయింది. పోలింగ్ నాడు క్యాంపులో మంచం లేనివాడు పోటీకి పనికిరాడు. ఆ నియమాన్ని ఎలా వాడుకోవాలో ఆయనకి కొట్టినపిండి. పోయిన రెండేళ్లూ అట్ట మీద ముందున్నవాణ్ని సరిగ్గా పోలింగ్ ముందు రోజు ఎక్కడో దూరాన ఉన్న ఇబ్రా సైట్‌కి పంపించాడు.

గురువారం పొద్దున బస్సు వచ్చి ఆగింది. "పోచన్నా, ఇబ్రాలో అర్జంటు పని. సామాను సర్దుకో," అన్నాడు బాస్.

పోచన్న సర్దుకోవడానికి రూమ్‌లోకి కూడా వెళ్లలేదు. మంచం కింద నుంచి ఎవరో తెచ్చిచ్చిన సంచీ అందుకుని బస్సెక్కేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏసీల సంగతి మరువకుండ్రి," అని మాత్రం అరిచాడు. బ్లాకంతా గేటు దాకా వెళ్లి చేతులూపింది. పాపం, నాయకుడు పోతున్నాడని ఏడుపు దిగమింగుకుంటున్నారు కాబోలు అనుకున్నాడు నాగేంద్రప్రసాద్. ఆ సాయంత్రం రఘుపతిని పిలిచి తన చేత్తో చాయ్ కూడా పోసిచ్చాడు.

శుక్రవారం ఓట్లు పడ్డాయి. మెస్ బల్ల మీదే లెక్కపెట్టారు. రఘుపతికి ఒకటి. ఇర్షాద్‌కి డెబ్భై ఎనిమిది.

బాస్ చీటీలన్నీ మళ్లీ తనే లెక్కపెట్టాడు. తేడా రాలేదు. ఏసీల కాగితం మీద రేపు పడబోయే సంతకం కళ్ల ముందు ఆడింది. విసురుగా గోడ దగ్గరికి వెళ్లి అట్టని వేలితో పొడిచాడు.

"ఇదేంటయ్యా గంగాప్రసాద్? అంకె మార్చనన్నావు, పెద్ద హరిశ్చంద్రుడిలా నిలబడ్డావు. ఒక్కటి ఉన్నవాడికి డెబ్భై ఎనిమిది ఎలా వచ్చాయి? ఈ అట్టంతా దొంగ లెక్కేగా?"

"దొంగ లెక్క కాదు సార్. ఒక్క అంకె గూడ తప్పు రాయలే."

"మరి మంచం మంచానికీ పోయి అడిగావుగా, ప్రెసిడెంట్ ఎవరని?"

గంగాప్రసాద్ ముందుకొచ్చి అట్టని తనే గోడ మీంచి తీసి, దుమ్ము దులిపి, బాస్ చేతిలో పెట్టాడు.

"ప్రెసిడెంట్ ఇర్షాదేనని మొదటి దినమే అనుకున్నం సార్. నేను తిరిగి అడిగింది, సార్ ఈసారి ఇబ్రాకు ఎవరిని పంపితే మంచిదని."